స్టీరింగ్ ఒక్కసారిగా ఊగిపోతే: ఎత్తు పెంచిన జీపుల్లో లోపం ఎక్కడ వెతకాలి?

బండి గంటకు 70, 80 కిలోమీటర్ల వేగంతో సాఫీగా వెళ్తుంటుంది. ముందు చక్రం ఒకటి చిన్న గుంతలో పడుతుంది, లేదా వంతెన అతుకు మీదకు ఎక్కుతుంది. మరుక్షణం స్టీరింగ్ చేతుల్లోంచి జారిపోయేంత బలంగా అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. డాష్‌బోర్డు, బానెట్, సీట్లు అన్నీ అదురుతాయి. బ్రేకు వేసి వేగం బాగా తగ్గించే దాకా అది ఆగదు. ఆగాక బండి ఏమీ జరగనట్టే నడుస్తుంది. ఆఫ్‌రోడ్ ప్రపంచంలో దీనికి ‘డెత్ వాబుల్’ అని పేరు. మన మెకానిక్‌లు ‘వాబ్లింగ్’ అంటారు.

ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసిన జీపుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి చేసే వైద్యం చాలాసార్లు తప్పుదారి పడుతుంది. స్టీరింగ్ డ్యాంపర్ మారిస్తే కొన్ని వారాలు తగ్గి, మళ్లీ వస్తుంది. టైర్లు మార్చినా అంతే. అసలు లోపం వేరేచోట ఉండటమే కారణం. ఒక క్రమంలో వెతికితే చాలా సందర్భాల్లో పెద్ద యంత్రాలేవీ లేకుండానే దాన్ని పట్టుకోవచ్చు.

అడవిలో పుట్టి, తారు రోడ్డు మీద బయటపడే లోపం

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా భోపాలపట్నం వెళ్లే 163వ జాతీయ రహదారి ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. 2016 జనవరిలో ముల్లకట్ట వద్ద గోదావరి వంతెన ప్రారంభమయ్యాక తెలుగు రాష్ట్రాల నుంచి బస్తర్‌కు ఇది దగ్గరి దారి అయింది. తెలంగాణ వైపు చివరి ఊరు వాజేడు మండలంలోని టేకులగూడెం. సరిహద్దు దాటితే ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని తర్లగూడ. తెలుగు, దోర్లీ వినిపించే ప్రాంతం అది.

ఇక్కడ ఒకే రోజు ప్రయాణంలో బండి రెండు రకాల దారులు చూస్తుంది. రహదారి దిగితే అడవి బాటలు, రాళ్లు, వాగులు. ఎక్కితే వేగంగా వెళ్లగలిగే తారు రోడ్డు. గోదావరికి వరద వచ్చినప్పుడు టేకులగూడెం వద్ద రహదారే నీట మునిగి రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. రాళ్ల మీద నడిచినప్పుడు స్టీరింగ్ జాయింట్లు అరుగుతాయి, బోల్టులు వదులవుతాయి. వాగులు దాటినప్పుడు బేరింగుల్లోకి నీరు చేరి గ్రీజు పాడవుతుంది. కానీ గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఆ అరుగుదల డ్రైవరుకు తెలియదు. తారు రోడ్డెక్కి 80కి చేరాక ఒక్క గుంత చాలు, అది బయటపడుతుంది. అప్పటికి వరంగల్ వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. అందుకే రోడ్డు పక్కన ఏం చూడాలో, ఏది షెడ్డుకు వదిలేయాలో తెలిసి ఉండటం అవసరం.

ఏ బండ్లలో వస్తుంది?

రెండు ముందు చక్రాలనూ ఒకే ఇరుసు కలిపే బండ్లలోనే ఈ ఊపు తీవ్రంగా వస్తుంది. దీన్నే రిజిడ్ యాక్సిల్ అంటారు. పాత మహీంద్రా ఎంఎం 540 జీపులు, 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 2023లో మన మార్కెట్లోకి వచ్చిన జిమ్నీ, జీప్ రాంగ్లర్ ఈ కోవలోవి. మొదటి రెండింటిలో ముందు వైపు కమాన్ కట్టలుంటాయి. తర్వాతి రెండింటిలో కాయిల్ స్ప్రింగులు, ఇరుసును పట్టి ఉంచే కడ్డీలు ఉంటాయి.

మహీంద్రా థార్ చూడటానికి జీపులాగే ఉన్నా దాని ముందు చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా కదులుతాయి. 2020 థార్‌కు ఇది వర్తిస్తుంది. బొలెరో, స్కార్పియో కూడా ఇంతే. ఎత్తు పెంచిన థార్ అదురుతుంటే ముందుగా టైర్లు, రిమ్ములు, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, వంపు పెరిగిన డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు చూడాలి. రాంగ్లర్ యజమానులకు ఇచ్చే సలహాను థార్‌కు యథాతథంగా వాడితే డబ్బు వృథా.

అసలు ఎందుకు ఊగుతుంది?

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1920లలో కార్లకు మెత్తని బెలూన్ టైర్లు, ముందు బ్రేకులు వచ్చినప్పుడే ఇంజినీర్లను వేధించింది. అప్పట్లో దీన్ని ‘షిమ్మీ’ అన్నారు. తిరిగే చక్రం బొంగరంలా ప్రవర్తిస్తుంది. దాన్ని ఒక పక్కకు వంచితే అది మరో దిశలో తిరగబోతుంది. ఇరుసుకు ఒక చివర ఉన్న చక్రం గుంతలో పడితే ఇరుసంతా వంగుతుంది, దాంతో రెండు చక్రాలూ కలిసి పక్కకు తిరగబోతాయి. టైరు సాగుడు గుణం వాటిని వెనక్కి లాగుతుంది. అవి హద్దు దాటి అవతలి వైపు వెళ్తాయి. ఈ ఊగిసలాటకు శక్తి బండి ముందుకు పోతున్న వేగం నుంచే అందుతూ ఉంటుంది. అందుకే బండి నెమ్మదిస్తే గానీ ఆగదు. 1934లో జనరల్ మోటార్స్ తన కార్లలో ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ తేవడానికి ఉన్న కారణాల్లో ఈ షిమ్మీ బెడద ఒకటి. ఆ పనిలో ముఖ్యుడు మారిస్ ఓలీ అనే ఇంజినీరు.

జాయింట్లన్నీ బిగువుగా ఉంటే మొదటి ఊపు అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఎక్కడో ఒకచోట ఖాళీ ఉంటే చక్రానికి కదలడానికి చోటు దొరుకుతుంది. నాలుగైదు చోట్ల కొద్దికొద్దిగా లూజు ఉన్నా మొత్తం కలిసి పెద్దదవుతుంది. ఒక్క భాగం మార్చితే పోకపోవడానికి ఇదే కారణం.

వేగానికీ దీనికీ సంబంధం ఉంది. 28 అంగుళాల టైరు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 10 సార్లు తిరుగుతుంది. చక్రంలో బ్యాలెన్సింగ్ లోపం ఉంటే సెకనుకు పది దెబ్బలు పడతాయన్నమాట. ఆ లయ ఇరుసు, స్టీరింగ్ భాగాల సహజ లయకు దగ్గరగా వస్తే చిన్న దెబ్బ కూడా పెద్ద ఊపవుతుంది.

ఎత్తు పెంచితే ఏం మారుతుంది?

మొదటిది క్యాస్టర్ కోణం. చక్రం ఏ అక్షం చుట్టూ పక్కలకు తిరుగుతుందో ఆ అక్షం పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. సైకిల్ ముందు ఫోర్కు వాలినట్టే. ఈ వాలు వల్లే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు వస్తుంది. కాయిల్ స్ప్రింగుల బండిని ఎత్తితే ఇరుసును పట్టుకున్న కడ్డీలు కిందికి వాలి, ఇరుసు కొద్దిగా తిరిగి, ఈ వాలు తగ్గుతుంది. షాకిల్ ముందు వైపు ఉన్న కమాన్ కట్టల బండిలో పొడుగు షాకిళ్లు వేసినా ఇదే ఫలితం. క్యాస్టర్ తగ్గితే బండి దారి పట్టదు. అలాగని మితిమీరి పెంచినా మంచిది కాదు, ఊపు మళ్లీ ఎక్కువవుతుంది.

రెండోది కడ్డీల వంపు. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింక్, ఇరుసు పక్కకు జరగకుండా పట్టే ట్రాక్ బార్ దాదాపు అడ్డంగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. దీన్నే పాన్‌హార్డ్ రాడ్ అని కూడా అంటారు. ఎత్తు పెంచాక రెండూ ఏటవాలుగా మారతాయి. ఒక్కదాన్నే సరిచేసి రెండోదాన్ని వదిలేస్తే ప్రతి గుంతలోనూ స్టీరింగ్ దానంతట అదే కొద్దిగా తిరుగుతుంది.

మూడోది టైరు. చక్రం బరువు 20 శాతం, వ్యాసం 10 శాతం పెరిగాయనుకుందాం. బరువు పంపిణీ పాత తీరులోనే ఉంటే, దాని తిరుగుడును ఆపడానికి కావాల్సిన బలం సుమారు 45 శాతం పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన జాయింట్లు మాత్రం పాతవే. బయటికి పొడుచుకువచ్చే రిమ్ములు, వీల్ స్పేసర్లు వేస్తే మీటలాగా పనిచేసి ఆ భారాన్ని ఇంకా పెంచుతాయి.

నడుస్తుండగా మొదలైతే

యాక్సిలరేటర్ మీద కాలు తీయాలి. స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి గానీ దాంతో పెనుగులాడకూడదు. బొటనవేళ్లు స్టీరింగ్ కమ్మీల లోపల ఉండకూడదు, విరిగే ప్రమాదం ఉంది. ఒక్కసారిగా బ్రేకు తొక్కకుండా క్రమంగా నెమ్మదించి, వెనక వాహనాలు చూసుకుని ఎడమకు ఆపాలి. వేగం పెంచితే దాటిపోతుందని ప్రయత్నించడం ప్రమాదం. ఆపాక వీల్ నట్లు, స్టీరింగ్ కడ్డీల నట్లు, టైర్లు చూసుకోవాలి. ఏదైనా ఊడిపోయేలా ఉంటే బండిని కదిలించకూడదు. అన్నీ ఉన్నచోటే ఉంటే తక్కువ వేగంతో దగ్గరి షెడ్డుకు చేర్చాలి.

ముందు ఏ రకం అదురో తేల్చుకోవాలి

అన్ని అదుర్లూ ఒకటి కావు. ఒక వేగంలో మొదలై, ఆ వేగం దాటితే తగ్గేది సాధారణంగా బ్యాలెన్సింగ్ లోపం లేదా వంగిన రిమ్ము. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వచ్చేది డిస్కు లేదా డ్రమ్ము లోపం. అదురు లేకుండా బండి అటూ ఇటూ లాగుతుంటే క్యాస్టర్ తగ్గి ఉండొచ్చు, లేదా జాయింట్ లూజై ఉండొచ్చు. గుంత తగిలాక మొదలై, వేగం తగ్గించే దాకా ఆగనిదే అసలైన వాబ్లింగ్. ఏ వేగంలో, ఏ దెబ్బకు, ఎప్పటి నుంచి, అంతకుముందు బండికి ఏ పని చేయించారు అనే నాలుగు విషయాలు రాసుకుని మెకానిక్‌కు చెబితే సగం పని అయినట్టే.

వెతికే క్రమం

ఒకటి, టైర్లు. ఖర్చు లేని పరీక్ష ఇది. అడవి బాటలో పట్టు కోసం గాలి తగ్గించి, రోడ్డెక్కాక మళ్లీ నింపడం మరచిపోయారేమో చూడాలి. రిమ్ము లోపలి వైపు ఎండిన బురద అంటుకుని ఉంటే చక్రం బ్యాలెన్స్ తప్పుతుంది. వానాకాలంలో ముందుగా కడిగి చూడాల్సింది ఇదే. టైరు పక్కన ఉబ్బు, ఎగుడుదిగుడు అరుగుదల ఉన్నాయేమో చేత్తో తడిమి చూడాలి. ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకు మార్చినప్పుడు అదురు తీరు మారితే టైర్ల పాత్ర ఉన్నట్టే. కానీ అంతటితో ఆగకూడదు. చెడ్డ టైరు ఊపును మొదలుపెట్టగలదు, దాన్ని కొనసాగనిచ్చేది లూజు జాయింటే.

రెండు, చక్రాలు నేల మీద ఉండగా స్టీరింగ్ పరీక్ష. బండి సమతలంలో ఉండాలి, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డం పెట్టాలి. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజిన్ నడుస్తుండాలి. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా, త్వరత్వరగా తిప్పుతుంటే మరొకరు ప్రతి జాయింట్ మీదా చెయ్యి పెట్టి చూడాలి. స్టీరింగ్ డ్యాంపర్ ఉంటే ఈ పరీక్షకు దాన్ని విప్పేస్తే లూజు స్పష్టంగా తెలుస్తుంది. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్ మీద కదులుతోందా, పిట్‌మన్ ఆర్మ్ బిగువుగా ఉందా, డ్రాగ్ లింక్, టై రాడ్ ఎండ్లు ఆడుతున్నాయా అన్నది చూడాలి. కాయిల్ స్ప్రింగుల బండిలో ట్రాక్ బార్ రెండు చివరలనూ అందరికంటే ఎక్కువ అనుమానించాలి. బోల్టు వదులై నడిచిన బండిలో బ్రాకెట్ రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. అప్పుడు బోల్టు ఎంత బిగించినా లాభం లేదు, బ్రాకెట్‌నే బాగుచేయాలి. జిప్సీ, ఎంఎం 540 వంటి కమాన్ కట్టల బండ్లలో ట్రాక్ బార్ ఉండదు. వాటిలో షాకిల్ బుష్‌లు, యూ బోల్టులు, కట్టల మధ్య ఉండే సెంటర్ బోల్టు చూడాలి.

మూడు, చక్రం లేపి పరీక్ష. జాకీ ఒక్కదాని మీదే ఉన్న బండి కిందకు ఎవరూ దూరకూడదు, ఇరుసు కింద స్టాండ్లు పెట్టాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు తెలుస్తుందనుకుందాం. ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. లూజు పోతే లోపం వీల్ బేరింగులో ఉంది. పోకపోతే కింగ్ పిన్‌లో లేదా బాల్ జాయింట్‌లో ఉంది. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే లూజు ఉంటే టై రాడ్ ఎండ్లను చూడాలి. జిప్సీ, జిమ్నీ వంటి సుజుకీ బండ్లలో కింగ్ పిన్ బేరింగులకు కొంత బిగువు ఉండి తీరాలి. టై రాడ్ విప్పి, స్ప్రింగ్ త్రాసుతో లాగి, చక్రం కదలడానికి ఎంత బలం పడుతుందో కొలుస్తారు. మాన్యువల్లో ఇచ్చిన దానికంటే తేలిగ్గా కదిలితే షిమ్ములు తగ్గించి బిగువు తెస్తారు. చేత్తో ఊపినప్పుడు లూజు తెలియకపోయినా బిగువు తగ్గిన కింగ్ పిన్ వాబ్లింగ్‌కు దారితీయగలదు. నీళ్లలో తిరిగిన బండికి ఈ పరీక్ష తప్పనిసరి.

నాలుగు, బోల్టుల బిగింపు. లిఫ్ట్ కిట్ వేసినప్పుడు ఇరుసు వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేస్తుంటారు. బండి కిందికి దిగాక రబ్బరు బుష్‌లు మెలితిరిగి త్వరగా చిరుగుతాయి. చక్రాలు నేల మీద ఉండి, బండి బరువు పడ్డాకే టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన మేరకు బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మరోసారి చూసుకోవాలి.

ఐదు, అలైన్‌మెంట్. ఇది షెడ్డు పని. టో మాత్రమే చూసి పంపేస్తే సరిపోదు, క్యాస్టర్ కొలత కాగితం మీద అడిగి తీసుకోవాలి. తగ్గి ఉంటే కమాన్ కట్టల బండిలో ఇరుసుకూ కట్టలకూ మధ్య ఏటవాలు షిమ్ములు వేస్తారు. కాయిల్ బండిలో సరిచేయగల కంట్రోల్ ఆర్మ్‌లు గానీ, క్యామ్ బోల్టులు గానీ వాడతారు. లూజు జాయింట్లు మార్చకుండా చేసే అలైన్‌మెంట్ నిలవదు. కాబట్టి ఈ దశ మొదటి నాలుగింటి తర్వాతే రావాలి.

ఆరు, అన్నిటికంటే చివర డ్యాంపర్. నూనె కారుతుంటే, చేత్తో లాగి నొక్కినప్పుడు పట్టు లేకపోతే మార్చాలి.

ప్రతి దశలోనూ ఒక్క మార్పే చేసి, ట్రాఫిక్ లేని రోడ్డు మీద వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పరీక్షించాలి. నాలుగు భాగాలు ఒకేసారి మార్చితే ఏది లోపమో తెలియదు. లూజుగా దొరికిన భాగాన్ని మాత్రం పరీక్ష కోసం ఆగకుండా మార్చాల్సిందే.

డ్యాంపర్ ఎందుకు మోసం చేస్తుంది?

డ్యాంపర్ చిన్న కుదుపులను మింగేస్తుంది. కొత్తది, ఇంకా గట్టిది వేస్తే లూజు జాయింట్ వల్ల వచ్చే ఊపును కూడా కొంతకాలం అణిచిపెడుతుంది. ఈలోగా ఆ జాయింట్ అరుగుతూనే ఉంటుంది. మళ్లీ ఊపు మొదలయ్యేనాటికి లోపం పెద్దదై ఉంటుంది.

ఇది ఒక్క షెడ్డు స్థాయి వివాదం కాదు. అమెరికాలో కొత్త రాంగ్లర్లలోనే ఈ ఊపు వస్తోందంటూ 2019లో యజమానులు కోర్టుకెక్కారు. తయారీ సంస్థ ఎఫ్‌సీఏ అదే ఏడాది కొత్త డ్యాంపర్ బిగించే కార్యక్రమం ప్రకటించింది. చలి వాతావరణంలో పాత డ్యాంపర్ సరిగా పనిచేయకపోవడమే కారణమన్నది కంపెనీ వాదన. డ్యాంపర్ మార్పు అసలు లోపాన్ని సరిచేయదన్నది యజమానుల వాదన. చివరకు కుదిరిన రాజీలో డ్యాంపర్‌పై వారంటీని పొడిగించారు. ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కుల మీదా 2019లో ఇలాంటి దావాయే పడింది. ఎత్తు పెంచడమొక్కటే కారణం కాదనీ, రిజిడ్ యాక్సిల్ స్వభావంలోనే ఈ బలహీనత ఉందనీ ఈ కేసులు చూపుతాయి. ఎత్తు పెంచడం దానికి తోడవుతుంది.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన ప్రమాణాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో ఆర్టీవో వర్సెస్ కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పులు ప్రమాదం తర్వాత క్లెయిమ్ దగ్గర చిక్కు తెచ్చే అవకాశమూ ఉంది. రాష్ట్ర సరిహద్దు దాటే ప్రయాణంలో ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

ప్రయాణానికి ముందు

అడవి బాటల్లో తిరిగి వచ్చిన రిజిడ్ యాక్సిల్ బండికి హైవే ఎక్కే ముందు ఐదు పనులు చాలు. టైర్లలో గాలి మళ్లీ నింపాలి. రిమ్ముల లోపల బురద కడగాలి. వీల్ నట్లు, కనబడే స్టీరింగ్ బోల్టులు చూడాలి. ఇద్దరు కలిసి రెండు నిమిషాలు స్టీరింగ్ పరీక్ష చేయాలి. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు వస్తోందో లేదో నెమ్మదిగా నడిపి గమనించాలి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, కారణం దొరికే దాకా ఆ బండిని హైవే వేగానికి తీసుకెళ్లకూడదు.